పది తలల త్రినాథరావు

మా అపార్ట్‌మెంటులో తడితలతో మెట్లెక్కకూడదు. రెండో అంతస్తులో త్రినాథరావు ఉంటాడు. ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేదు. తల తడిగా కనబడిందంటే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతాడు. ప్లాస్టిక్ స్టూలు మీద కూలేసి, మెడచుట్టూ తువ్వాలు చుట్టి, వేడిగాలి కొడుతూ గిర్రున తిరిగే ఒక దువ్వెన పెట్టి జుట్టు ఆరబెట్టేస్తాడు. ఆరబెట్టాక నునుపు చేస్తాడు. నునుపు చేశాక చివర్లు లోపలికి తిప్పుతాడు. ఇంతా చేసి అద్దం మాత్రం చూపించడు. వంగి, మన మొహంలో మొహం పెట్టి, "లాగిందా?" అని అడుగుతాడు.

ఇక్కడ చెప్పవలసిన సంగతి ఒకటుంది. త్రినాథరావు నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు. ఆయన నుదురు ఎక్కడ ఆగిందో, నెత్తి ఎక్కడ మొదలైందో కన్నతల్లి కూడా చెప్పలేదు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్నారు పెద్దలు. జుట్టులేనయ్య ఊళ్ళోవాళ్ళ కొప్పులు దిద్దుతానంటే ఏమనాలో మాత్రం చెప్పకుండా పోయారు.

నా పేరు కామరాజు. మొదటి అంతస్తులో ఉంటాను. పోర్టులో గుమాస్తాను, ఈ అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిని. కార్యదర్శి అంటే లిఫ్టు ఆగినప్పుడు తిట్లు తినేవాడని అర్థం. నా వయసు యాభై రెండు. జుట్టు వయసు మాత్రం ముప్పై దాటలేదు. అది చూసి మా ఆఫీసులో కుళ్ళుకోని మగాడు లేడు. కాబట్టి త్రినాథరావు కన్ను నామీద పడక తప్పలేదు.

ఆయనది తగరపువలస. ముప్పై మూడేళ్ళు స్టీలు ప్లాంటులో, రోలింగు మిల్లులో పనిచేశాడు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీ తిరిగే రోళ్ళ మధ్యనుంచి దూరి సన్నటి తీగై బయటికొస్తుంటే చూడడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఇంట్లో తిరిగేది ఫ్యాను ఒక్కటే మిగిలింది. కొన్నాళ్ళు దాన్నే చూశాడు. ఆ తరువాత ఈ దువ్వెన కొనుక్కొచ్చాడు. కోతికి కొబ్బరికాయ దొరికిందని మా ఆవిడ మధులతతో అన్నాను. మొదటి ప్రయోగం తన మీసం మీదే చేశాడు. ఎడమవైపు పోయింది. రెండోవైపు ఒక్కటీ ఏం బాగుంటుందని అది కూడా తీసేశాడు.

"ఇదేటనుకున్నావు బావా, మా మిల్లే," అన్నాడు నన్ను మొదటిసారి కూచోబెట్టి. "రోలు తిరగాల, సరుకు సాగాల, ఎక్కడా సిక్కు పడకూడదు."

"సరుకంటే నా జుట్టేనా?"

"మరేటి. ముప్పాతిక ఆరిన తలే పట్టాల. రెండు వేళ్ళ ఎడల్పు పాయ తియ్యాల. కుదుళ్ళకాడ కాదు, సివర్నుంచి ఎక్కించాల. ఈ బటను నొక్కితే ఇటు తిరుగుద్ది, ఆ బటను నొక్కితే అటు." అంతా చెప్పి, గదిలో మేమిద్దరమే ఉన్నా, మిల్లులో వంద మందికి వినబడేలా కేక వేశాడు. "జరగండి, ఆన్ సేత్తన్నాను."

అటు నొక్కవలసింది ఇటు నొక్కాడు. దువ్వెన నా జుట్టును చుట్టుకుంటూ చెవిదాకా ఎక్కి అక్కడ కూచుంది.

"కదలకు బావా. కాబుల్ అయిపోనాది."

మిల్లులో కాలిన తీగ దారి తప్పి చుట్టలు చుట్టలుగా పైకి లేస్తే దాన్ని కాబుల్ అంటారట. నా చెవి కాలుతుండగా ఆ వివరం చెప్పాడు.

"మరిప్పుడేం చెయ్యాలి?"

"అక్కడైతే అందరం పరిగెత్తీవోళ్ళం. ఇక్కడ నువ్వు పరిగెడితే మిసను కూడా నీతో వచ్చీత్తాది."

పావుగంట పట్టింది ఊడదీయడానికి. అప్పుడు కూడా "లాగిందా?" అనే అడిగాడు. నేనన్న మాట ఇక్కడ రాయను. ఆయన తలుపు తీసుకుని బయటికెళ్ళి, గోడకున్న నల్లబోర్డు మీద 4 అని ఉన్న అంకె తుడిచేసి, సున్నా వేశాడు.

ఆ బోర్డు మా భవనానికి పెద్ద వింత. ప్లాంటులో 'ప్రమాదం లేని రోజులు' అని బోర్డు పెట్టి రోజూ అంకె మారుస్తారు. ఏదైనా జరిగితే మళ్ళీ సున్నా. ఈయన తన గుమ్మం పక్కన 'ప్రమాదం లేని తలలు' అని తెల్లరంగుతో రాయించాడు. లాగలేదంటే ఒకటి పెరుగుతుంది. లాగిందంటే మొత్తం పోతుంది. అంకె తొమ్మిది దాటగా నేనెప్పుడూ చూడలేదు. పది తలలు రావణాసురుడికి పుట్టుకతోనే ఉన్నాయి, మన త్రినాథరావుకు మాత్రం కుదరడం లేదని నేనే ప్రచారం చేశాను. అప్పటినుంచి ఆయన పది తలల త్రినాథరావయ్యాడు.

జాలరిపేటనుంచి చేపలు తెచ్చే సన్యాసమ్మను కూడా వదల్లేదు. వానలో తడిసి వచ్చిందని పట్టుకుని కూచోబెట్టాడు. అరగంట తరువాత ఆమె మెట్లమీద నిలబడి గొడవ.

"లాగనేదు బాబూ, అబద్ధమెందుకు. మా అమ్మ కూడా ఇంత మెత్తగా దువ్వనేదు. గానీ తల జారిపోతంది. గంప నిలవడం నేదు. సేపలన్నీ మెట్లంట పోనాయి, సూడు."

అవి రెండు అంతస్తుల పొడుగునా పోయాయి. ఇది ప్రమాదం కిందికి వస్తుందా రాదా అని త్రినాథరావు బోర్డు ముందు పది నిమిషాలు ఆలోచించాడు. లాగలేదంది కాబట్టి రాదని తేల్చి, అంకె పెంచాడు. ఆ తరువాత చేపలేరాడు. మరుసటి ఆదివారం సన్యాసమ్మ తనంతట తనే వచ్చి స్టూలు మీద కూచుంది.

మా వీధి చివర సెలూను నిసార్ నా దగ్గరికొచ్చి మొత్తుకున్నాడు. "సెక్రటరీ సాబ్, మీ బిల్డింగునుంచి నాకు తల రావడం బందయిపోయింది." పైకి వెళ్ళి నువ్వే అడుగు అన్నాను. వెళ్ళాడు. దిగి వచ్చేటప్పటికి అతని జుట్టు నుదుటిమీద కెరటంలా లేచి ఉంది. "ఏమన్నాడు?" అంటే, "లాగిందా అన్నాడు సాబ్. లాగలేదు," అని నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను నోటీసు అంటించాను. 'మెట్లమీద మనుషులను పట్టుకుని తలలు ఆరబెట్టరాదు.' చదివినట్టు త్రినాథరావు సంతకం చేశాడు. చేస్తూ నా తలవైపు చూసి, "తడిగా ఉన్నట్టున్నాది బావా," అన్నాడు.

ఇంత హడావిడి జరుగుతున్నా ఆయన భార్య భ్రమరాంబక్క మాత్రం కనబడేది కాదు. ఎనిమిది నెలలుగా కిందికి దిగలేదు. తలుపు కొడితే సగమే తీసేది. ఎప్పుడు చూసినా తలకు తువ్వాలు. రోజుకు ఎన్నిసార్లు తలంటుకుంటుందో ఈవిడ, మన ట్యాంకు ఖాళీ అవడానికి ఇదే కారణమని నేను సంఘం సమావేశంలో చమత్కరించాను. అందరూ నవ్వారు. ఒకప్పుడు ఈ భవనంలో ఆడపిల్లలందరి జడలూ ఆవిడ చేతిమీదుగా వెళ్ళినవే. మూడో అంతస్తు గౌరీశ్వరి ఆస్పత్రిలో నర్సు, తెల్లారకుండానే డ్యూటీకి పోయేది. ఆమె కూతురు హరిచందన ఒకటో తరగతినుంచి పదోతరగతిదాకా రోజూ పొద్దున్నే రిబ్బన్లు పట్టుకుని భ్రమరాంబక్క ముందు కూచునేది. అలాంటి పిల్ల పెళ్ళిపిలుపుకి వస్తే సగం తలుపులోంచి శుభలేఖ అందుకుని, "సూద్దాం," అందట. ఆవిడ కంటికి మనం ఆనడం లేదని ఆడవాళ్ళంతా తీర్మానించారు.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం త్రినాథరావు మా గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, తల తడుపుకుని రా. ఒక్క తల సాలు."

"ఇంకెవరూ దొరకలేదా?"

"పెళ్ళి పనులని అందరూ పారిపోతన్నారు. బేగి రా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

వెళ్ళాను. బోర్డు మీద 9 ఉంది. ఉన్నమాట చెప్పాలి, ఆ రోజు ఆయన చెయ్యి అద్భుతంగా నడిచింది. పాయ తర్వాత పాయ తీశాడు. చివర్నుంచి ఎక్కించి, కాసేపు ఆపి, వెనక్కి తిప్పి వదిలాడు. ఒక్క వెంట్రుక కూడా కదిలినట్టు తెలియలేదు. స్టూలు మీదే నాకు కునుకు పట్టింది.

"లాగిందా?"

కళ్ళు తెరిచాను. ఆ బోడిగుండు, ఆ మీసంలేని మొహం, కళ్ళలో ఆ ఆత్రం. నాలో ఏ దయ్యం దూరిందో గాని, "లాగింది," అన్నాను.

"ఎక్కడ?"

"ఇదుగో, చెవి వెనక."

ఆయన మిషను ఆపి, వైరు చుట్టి, బయటికెళ్ళి 9 తుడిచి సున్నా వేశాడు. నేను కిందికొచ్చి మధులతకు చెప్పి కడుపుబ్బ నవ్వాను.

తెల్లారింది. పది నలభైకి ముహూర్తం, గాజువాకలో కల్యాణ మండపం. గేటు దగ్గర బస్సు నిలబడి ఉంది. భ్రమరాంబ లేకుండా బస్సు కదలకూడదని గౌరీశ్వరి మండపంనుంచి ఫోను చేసింది. కార్యదర్శిని కదా, నేనే పైకి వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. త్రినాథరావు ఇస్త్రీ పంచె, తెల్లచొక్కా వేసుకుని నేలమీద కూచున్నాడు. ఒళ్ళో దువ్వెన.

"అది రాదు బావా. పది అవ్వనేదు," అన్నాడు.

"ఏది పది?"

అప్పుడు చెప్పాడు. ఎనిమిది నెలల కిందట భ్రమరాంబక్కకు కుడిభుజం పట్టేసిందట. "సెయ్యి ఇక్కడిదాకా లెగుద్ది," అని తన ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "అన్నం తినీడానికి సరిపోద్ది. తల దువ్వుకోడానికి సాల్దు. మెల్లగా వదులుద్దన్నాడు డాక్టరు. నానే దువ్వుతానన్నాను. నా సేతికి ముడి రానేదు, జడ రానేదు. ఈ మిసను తెచ్చాను. మొదటి రోజే మెడకాడ కాబుల్. కత్తిరితో గుప్పెడు జుట్టు కోసీవలసొచ్చింది. వరసగా పది తలలు లాగకుండా సెయ్యి, అప్పుడు నా తల ఇత్తానన్నాది. ఈ తలతో నాను పెళ్ళికేటి, గుమ్మంలోకి కూడా రానన్నాది."

"మాతో ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"బిల్డింగందరికీ జడలేసిన మనిసి, తన జడ తను ఏసుకోనేకపోతందని సెప్పుకుంటాదేటి? నన్ను పిచ్చోడనుకుంటే పోయిందేటి. పోడానికి నాకు జుట్టా పాడా."

నాకు ఒళ్ళంతా సిగ్గేసింది. అయినా బుద్ధి పోనిచ్చుకున్నానా, మొదట తేలికదారే వెతికాను. "పది అని రాసెయ్ బావా. లోపలున్న మనిషికి బయటి బోర్డు కనబడుతుందా ఏమిటి?"

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ముప్పై మూడేళ్ళు మిల్లులో బోర్డు నానే రాసీవోణ్ణి. ఒక్క దొంగంకె ఎయ్యనేదు."

కింద బస్సు హారను కొట్టింది. ఇక తప్పలేదు.

"బావా, నిన్న లాగలేదు."

"ఏటి?"

"అబద్ధం చెప్పాను. లాగలేదు."

"ఏల?"

 తిడతాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణే. ఆయన లేచి నిలబడి ఒక్కటే అడిగాడు. "సెవి ఎనకాల కూడా లాగనేదా?"

"లేదు. నిద్రొచ్చింది."

బయటికెళ్ళి సున్నా తుడిచాడు. నిదానంగా, కొట్టొచ్చినట్టు 10 వేశాడు. "బ్రమరా, పది," అన్నాడు లోపలికి వినబడేలా.

 గదిలోంచి గొంతు. "పదో తల ఎవుళిది?"

"కామరాజుది."

"ఆడి మాట నమ్మీడమేటి? తమ్ముడూ, ఒట్టేసి సెప్పు."

"నా జుట్టు మీద ఒట్టక్కా."

"అయితే నిజమే," అని తలుపు తీసింది.

నేను కిందికి దిగి, లిఫ్టు ఆగిపోయింది, భ్రమరాంబక్క లోపల ఇరుక్కుంది, బాగుచేయిస్తున్నానని బస్సులో చెప్పాను. నలభై నిమిషాలు ఆపకుండా తిట్టారు. అందులో మా ఆవిడ వాటా ఎక్కువ. పైనుంచి "జరగండి, ఆన్ సేత్తన్నాను" అన్న కేక, ఆ తరువాత నిమిషానికోసారి "లాగిందా?" నాకు వినబడుతూనే ఉన్నాయి.

భ్రమరాంబక్క తువ్వాలు లేకుండా మెట్లు దిగింది. జుట్టు నల్లగా, నునుపుగా, భుజాలు దాటి చివర లోపలికి తిరిగి ఉంది. పాపిడి కొంచెం వంకర. బస్సులో తిట్లు ఆగిపోయాయి. మండపంలో హరిచందన పీటలమీదనుంచే ఆవిడ జుట్టు చివర పట్టుకుని చూసింది.

"ఎక్కడ సేయించావు అత్తా?"

"ఇంటికాడ మిల్లు పెట్టాం," అంది భ్రమరాంబక్క.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఆవిడే అందరికీ చెప్పేసింది, ఇక దాచేదేం లేదు. భుజం ముప్పాతిక వదిలింది. తన ముడి తను వేసుకోగలదు. వేసుకోవడం లేదు. బోర్డు మీద అంకె అరవై దాటింది. చేసిన పాపానికి నాకు ఆవిడ వేసిన శిక్ష ఏమిటంటే, ప్రతి ఆదివారం తలంటుకుని పైకి వెళ్ళి స్టూలు మీద కూచోవాలి.

మొన్న ఆదివారం చెవి వెనక నిజంగానే లాగింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. త్రినాథరావు వంగి, మొహంలో మొహం పెట్టాడు.

"లాగిందా?"

"లేదు బావా," అన్నాను. "నిద్రొచ్చింది."