దేవదానం సారు దింపుడు కర్ర

మా ముత్తాత జంగారెడ్డి దేశ్‌ముఖ్ పెద్దేముల్ నుంచి ధారూర్ దాకా పదకొండు ఊళ్ల శిస్తు వసూలు చేసినవాడు. మా తాత బస్వారెడ్డి కాలంలో మా గడీ ముందు నుంచి గుర్రం దిగకుండా వెళ్లే హక్కు ఒక్క తాలూక్‌దారుకే ఉండేది. మా నాయన మాణిక్‌రెడ్డి పోలీసు చర్య తర్వాత ఊళ్లన్నీ పోగొట్టుకున్నాడు గాని తలపాగా మాత్రం తీయలేదు. ఈ వరుసలో నేను నాలుగోవాణ్ణి. గొప్పకు చెప్పడం లేదు. ఇది చెప్పకపోతే దేవదానం సారు నా చేత ఏం చేయించాడో మీకు అర్థం కాదు.

నిన్న మధ్యాహ్నం మా వీధి చివర కరెంటు స్తంభం మీద ఏదో ఢామ్మని పేలింది. కాసేపటికి కిటికీలోంచి ఒక వాసన వచ్చింది. పిడుగు పడ్డ చోట ఉండే వాసన, ముక్కులో చురుక్కుమంటుంది. వంటింట్లోంచి మా మనవరాలు "తాతా, ఎక్కడున్నావు?" అని కేక వేసింది. కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే గట్టిగా "బయట ఉన్న!" అన్నాను. ఆ పిల్ల వచ్చి నన్నూ కుర్చీనీ చూసి నవ్వింది. ఆ జవాబు ఈ ఇంటిది కాదు. తాండూరు స్టేషను పక్కన మాకుండిన కందుల గిడ్డంగిది.

ఊళ్లు పోయాక మాకు మిగిలినవి ఇల్లు, ఆ గిడ్డంగి, పెద్దేముల్ దగ్గర ఒక రాళ్ల గుట్ట. ఆ గుట్టలో తెల్లరాతి చాలు ఒకటి, పొడుగాటి చారలా ఉంది. దాని నిండా ఆవగింజ కన్నా చిన్న నల్లటి గింజలు. అవి సీసం ఖనిజమని తెలిసిన నాటి నుంచి నాకు నిద్ర లేదు. గుట్టను కంకర గుత్తేదారుకు ఇచ్చేద్దామని చిన్నాయన అన్నప్పుడు ఒక్క ఏడాది ఆగమని అడిగాను. ఏడాదిలోగా ఆ గింజలను రాతి నుంచి వేరు చేసి చూపాలి. చూపితే గుట్ట మాది, లేకపోతే కంకరది.

పని అనుకున్నంత తేలిక కాదు. తెల్లరాయి గట్టిది, నల్ల గింజ మెత్తనిది. దంచితే రాయి పగలకముందే గింజ పొడి అయ్యేది. కడిగితే ఆ పొడి నల్లనీళ్లై పారిపోయేది. చూసిన ప్రతివాడూ ఇది లొంగే రాయి కాదన్నాడు. ఎవరో వికారాబాదులో దేవదానం పేరు చెప్పారు. కొండమీది క్షయ ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం నడిపి పింఛను పుచ్చుకున్నవాడు, వేలంలో ఒక పాత యంత్రాన్ని కొని ఇంట్లో మెరుపులు పుట్టిస్తున్నాడని.

రాయి గుడ్డలో కట్టుకుని రైల్లో వెళ్లాను. ఆయన మిషన్ బడిలో చదివినవాడు. ఆయన తండ్రి మా గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడు. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"కూసుంటె కూసో, నిలవడితె నిలవడు," అన్నాడు. "రాయిని మాత్రం బల్ల మీద వెట్టు."

భూతద్దంతో చాలాసేపు చూశాడు. తర్వాత బయట నీళ్ల తొట్టిలో ఒక ముక్క వేసి, రెండు రాగి కడ్డీల మొనలు దానికి ఆనించి, దూరంగా నిలబడి మీట వేశాడు. నీళ్లలో ఒక మెరుపు, నేల అదిరే చప్పుడు. ముక్కను తీసి నా చేతిలో పెట్టాడు. అది మూడుగా విడిపోయి ఉంది. ఒక ముక్క అంచున నల్ల గింజ ఒకటి, నలగకుండా, నిగనిగలాడుతూ.

"మీ తాండూరోళ్లకు కందుల తోటి చెప్తె తెలుస్తది," అన్నాడు. "రోట్లేసి దంచితె ఏమైతది? పిండి. తడిపి, ఎండవెట్టి, ఇసుర్రాయిల తిప్పితె? పొట్టు పొట్టే, పప్పు పప్పే. సమ్మెట బయట నుంచి కొడ్తది. గీ కరెంటు లోపలికి వోతది. రాయికీ గింజకూ నడుమ సందుంటది చూడు, గా సందు వట్టుకొని చీలుస్తది. కరెంటు ఒక్కపారే, కన్ను మూసి తెరిచేలోపల, గుప్పున పోవాలె. మెల్లగ పోతె నీళ్లు కాగుతయి, అంతే."

నెల తిరక్కుండా ఆ సామానంతా మా గిడ్డంగికి తెచ్చాం. ట్రాన్స్‌ఫార్మరు, కరెంటును కూడబెట్టే ఇనుప డబ్బాలు వరుసగా ఎనిమిది, ఇనుప తొట్టి. సారు రోజూ వికారాబాదు నుంచి పాసింజర్లో వచ్చేవాడు. తొట్టిలోంచి ముక్కలు ఏరడానికి బండల గనుల్లో పని చేసిన మాశమ్మను పెట్టుకున్నాం. రాయి ఏ వైపు చీలుతుందో వేలితో కొట్టి చెప్పగల మనిషి.

పని మొదలుపెట్టే ముందు సారు ఒక నియమం పెట్టాడు. గనుల్లో మందుపాతరకు నిప్పు పెట్టే ముందు కేక వేస్తారు గదా, అలాంటిదే. మీట దగ్గర ఉన్నవాడు "హుషార్!" అనాలి. మిగిలినవాళ్లు తొట్టికి దూరంగా జరిగి, ఒక్కొక్కరూ సొంత నోటితో "బయట ఉన్న!" అనాలి. మెరుపు పడ్డాక కూడా ఆ డబ్బాల్లో కరెంటు కొంత నిలిచి ఉంటుంది. అందుకని వెదురు కర్రకు రాగి కొక్కెం కట్టి, ఆ మిగులు కరెంటు నేలలోకి దిగిపోయేలా దాని తీగను భూమిలో పాతాడు. ఆ కొక్కెం డబ్బాలకు మూడుసార్లు తాకించి "దించిన!" అనాలి. అది చెవిన పడితేనే తొట్టిలో చెయ్యి పెట్టాలి.

దింపుడు కర్ర నాకిచ్చాడు. మూడుసార్లు తాకించడం నేను ఏనాడూ మరవలేదు. కేక మాత్రం వేయలేదు. మా ఇంట్లో కూలీలు పిలిచి చెప్పేవారు, మేం తల ఊపేవాళ్లం. చేసిన పనిని మాశమ్మకు అరిచి అప్పజెప్పడం నా గొంతుకు రాలేదు. కర్ర తాకించి, ఆమె వైపు చూసి, తల ఊపేవాణ్ణి.

"దొర నోట్ల ముత్యాలున్నయో ఏమో, తెరిస్తె రాల్తయి," అనేది మాశమ్మ. రెండు మూడు సార్లు సారు కూడా "నోరు, నర్సింహారెడ్డీ, నోరు," అన్నాడు. నేను విననట్టే ఉన్నాను. రెండు నెలలు గడిచేసరికి మాశమ్మ నా కేక కోసం చూడడం మానేసి నా తల వైపు చూడడానికి అలవాటు పడింది.

ఆ రోజు మధ్యాహ్నం మెరుపు సగమే పడింది. కర్ర ఇంకా గోడకే ఉంది. దానికోసం వెళ్తుండగా గుమ్మంలో చిన్నాయన కనిపించాడు.

"ఏందిరా, ఇంకా గీ పటాకులేనా?"

పెద్దవాడు గదా, తల వంచి నమస్కారం పెట్టాను. మాశమ్మ తొట్టిలో చెయ్యి పెట్టింది.

ఆ చప్పుడు గురించి రాయను. ఆమె వెనక్కి ఎగిరిపడింది. సారు పరుగెత్తుకొచ్చాడు. ముందు కర్ర అందుకున్నాడు, మూడుసార్లు తాకించాడు, "దించిన!" అని అరిచాడు, ఆ తర్వాతనే ఆమెను పట్టుకున్నాడు. ఆమె బతికింది. కుడిచేతి రెండు వేళ్లు మడుచుకుపోయాయి, మళ్లీ చక్కబడలేదు.

ఆ సాయంత్రం స్టేషనులో సారు నన్ను తిట్టలేదు. "తల ఊపినవా?" అని అడిగాడు.

"చిన్నాయనకు నమస్కారం పెట్టిన."

"ఇయ్యాల్ల నమస్కారం. నిన్నటి దాక జవాబు. రెండూ ఒక్క తీర్గనే ఉంటె ఆమెకెట్ల తెలుస్తది?"

ఇక నేను గిడ్డంగికి రానన్నాను. ఆయన రైలెక్కి, కిటికీలోంచి అన్నాడు. "నువ్వు రాకపోతె ఆమె వేళ్లు సాపుగైతయా? రాకపోవుడు గూడ దొరతనమే."

మర్నాడు మాశమ్మ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడ్డాను. "నిలవడ్తవేంది దొరా, బండ మీద కూసో," అంది. కూర్చున్నాను. తప్పు నాదని చెప్పాను. మా వంశంలో ఆ మాట ఎవరైనా ఎవరికైనా చెప్పారో లేదో నాకు తెలియదు.

"వేళ్లు వోయినయి. పని గూడ పోవాల్నా?" అంది మాశమ్మ. "మానినంక వస్త. గాని కర్ర నేను వట్టుకుంట. చెయ్యి నువ్వు వెట్టు."

నెలన్నర తర్వాత అలాగే వచ్చింది. ఎడమచేత్తో కర్ర పట్టుకుంది. సారు దానికి ఇంకొక మాట చేర్చాడు: ఆమె "దించిన" అంటే నేను "ఇన్న" అనాలి. మొదటి రోజు మెరుపు పడ్డాక తొట్టి ముందు నిలబడ్డాను. నల్లటి నీళ్లు. నా ప్రాణం ఆమె మాట మీద ఉంది. ఆమె ప్రాణం రెండు నెలలు నా తల మీద ఉన్నట్టు.

"దించిన!"

"ఇన్న."

"ఏమో, రైలు మోతల ఇనవడలే. ఇంకోపారి."

"ఇన్న!" గిడ్డంగి రేకులు మోగాయి. సారు మీట దగ్గర తల పక్కకు తిప్పుకున్నాడు, నవ్వు దాచుకోవడానికి. నీళ్లలో చెయ్యి పెట్టాను.

ఆ పైన మేం ఆగలేదు. కడ్డీల మధ్య ఎడం మార్చాం, నీళ్లు మార్చాం, రాయిని రాత్రంతా నానబెట్టి చూశాం. ఒక్క ముక్కకు వంద మెరుపులు వేసిన రోజులున్నాయి. ఎండాకాలం చివర ఒక ఉదయం తొట్టి అడుగు నుంచి దోసిలితో పైకి తీస్తే తెల్లరాయి తెల్లగా, నల్ల గింజ నల్లగా, దేనికది విడిగా వచ్చాయి. మాశమ్మ వంగి చూసి, "పప్పు," అంది. సారు నా తడిచేతిలోంచి ఒక గింజ తీసుకుని జేబురుమాల్లో కట్టుకున్నాడు.

పట్నం నుంచి వచ్చిన గనుల అధికారి ఆ గింజలను భూతద్దంలో చూసి, ఇంత శుభ్రంగా వేరైన ఖనిజాన్ని తాను చూడలేదన్నాడు. తర్వాత గుట్ట ఎక్కి, రెండు రోజులు తవ్వించి, తెల్లరాతి చాలు పైపైనే ఉందనీ, లోపల ఏమీ లేదనీ చెప్పాడు. లొంగని రాయిని మేం లొంగదీశాం. మా గుట్టలోనే అది లేదు.

సారు సామానంతా వికారాబాదుకు తిరిగి తీసుకుపోయి, ఆ తర్వాత కూడా నాలుగేళ్లు ఎవరు ఏ రాయి తెచ్చినా పగలగొట్టి చూశాడు. ప్రతి ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చే వేళకు నేను ఆయన ఇంటికి వెళ్లేవాణ్ణి, ఆయన చూపించిన కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆయన పోయాక ఆ కర్రను వాళ్లబ్బాయి నాకిచ్చాడు. ఇప్పుడది నా గదిలో తలుపు వెనక ఉంది. కూరగాయలమ్మి పిలిచినా, పోస్టుమాన్ పిలిచినా, నేను తల ఊపను. నోరు తెరిచి జవాబు చెబుతాను.

గుట్టను అధికారి వచ్చి వెళ్లిన వానాకాలమే కంకర గుత్తేదారుకు అమ్మాం, గిడ్డంగిని ఆ మరుసటి ఏడు.