ఎత్తు దగ్గర వోల్టేజీ

ఎలక్ట్రిక్ స్కూటర్ నడిపినంతసేపూ గుమాస్తా ఎడమ అరచేయి హ్యాండిల్ మధ్యనున్న తెరకు నీడ పట్టే ఉంటుంది, బ్యాటరీ వోల్టేజీ అంకె ఎండలో కనబడాలని. చదునులో అది యాభై నాలుగు. భార్యను మిల్లులో దించే దారిలో ఎత్తు ఎక్కుతుంటే నలభై తొమ్మిదికి జారుతుంది. అతను వెంటనే దిగి, సీటు నిమురుతూ, అంకె కోలుకునేదాకా నిలబడతాడు. మొన్న అలా నిలబడితే భార్యకు మళ్ళీ ఆలస్యమైంది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే మానేయమన్నాడు సూపర్‌వైజరు.

"దానికి ఆయాసంగా ఉందే," అన్నాడు గుమాస్తా.

"నా ఉద్యోగం ఊడితే మీకూ వస్తుంది ఆయాసం," అని ఆమె సాయంత్రం అతన్ని మెకానిక్ దగ్గరికి లాక్కెళ్ళింది.

"జబ్బేం లేదు బాబాయ్," అన్నాడు మెకానిక్. "బరువుతో ఎత్తెక్కితే ఏ బ్యాటరీకైనా వోల్టేజీ పడుతుంది. పైకెళ్ళాక అదే లేస్తుంది. ఆపకుండా పోనివ్వండి."

గుమాస్తా బుద్ధిగా తలూపాడు. భార్య ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు ఆమె లేవకముందే అతను స్కూటర్‌ను ఎత్తు పైదాకా నెట్టుకెళ్ళి, తాళం వేసి, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి ఆమెను తట్టి లేపాడు.

"త్వరగా తయారవ్వు. బండి పైనుంది, ఒక్క పాయింటు పడలేదు. అక్కడిదాకా నడిచామంటే ఇవాళ టైముకి చేరిపోతావు."