దసరాకు నేనిచ్చిన ఊరి చరిత్ర

దసరాకు బట్టలూ మిఠాయిలూ పంచడం మానేసి చాలా ఏళ్లయింది. పుస్తకాలిస్తాను. పోయిన దసరా సెలవుల ముందు, వత్సవాయి దగ్గరున్న మా ఊరి చరిత్ర అచ్చయిందని తెలిసి, తిరగేసి చూడకుండానే ఆరు ప్రతులు తెప్పించాను. మొదటిది నందిగామలో ఉంటున్న మా అక్కకు తీసుకెళ్లాను.

అక్క అంటే మా పెదనాన్న కూతురు. మూడో ఏటనే తండ్రి పోయాడు. తోడబుట్టినవాళ్లు లేరు. రిటైరైనప్పటి నుంచీ ఆమెకు మా వంశం చరిత్ర తప్ప మరో ధ్యాస లేదు. ముసలివాళ్లు చెప్పిందల్లా పొడుగు నోటుపుస్తకంలో రాసుకుంటుంది. అందులో తండ్రి గురించి ఉన్నవి నాలుగు వాక్యాలు. ఎడమచేత్తో రాసేవాడని, వంకాయ ముట్టేవాడు కాదని, అలాంటివి. అయిదో వాక్యం దొరుకుతుందని పుస్తకం అందుకోగానే కళ్లజోడు తుడుచుకుంది.

పక్కన కూర్చుని నేనూ చూశాను. ప్రతి ఇంటిపేరుకూ ఒక సేనాపతి! నాగలి పట్టిన తాత ఒక్కరికీ లేడు. ఊరంతా సేనాపతులే అయితే యుద్ధం ఎవరు చేశారో మరి. ఊరి చెరువుకు గట్లు పోసిన దళితవాడకు అర పేజీ. దాతల ఫొటోలకు పన్నెండు పేజీలు.

అక్క మా ఇంటి పేజీ దగ్గర ఆగింది. పెదనాన్న పేరు కింద ఒకే ముక్క ఉంది: నిస్సంతుగా గతించిరి.

"బిడ్డల్లేకుండా పోయాడంటనా?" అంది. "అయితే నేనెవర్నిరా?"

మర్నాడే ఇద్దరం బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లాం. పుస్తకం రాసిన రిటైర్డు మాస్టారు వరండాలో కుర్చీలు వేయించి కాఫీ ఇప్పించారు. నేను కప్పు ముట్టలేదు. కూతురు సంతానం కాదని ఏ శాస్త్రం చెప్పింది, చెబితే మాత్రం దాన్ని మీరెందుకు మోస్తున్నారు, ఇది చరిత్రా చెత్తా అని నేను ఉపన్యాసాలిచ్చే సభల్లో అరిచినట్టే అరిచాను.

"ఆవేశపడకండి సార్," అని మాస్టారు అక్కవైపు తిరిగారు. "అమ్మా, ఇన్నేళ్లకి ఇప్పుడెందుకండీ పేరు? పొలం పేచీ ఏమన్నా నడుస్తోందా?"

ఆడమనిషి తన తండ్రి గురించి అడిగితే ఈ పెద్దమనుషులకు గుర్తొచ్చేది పొలమే. నాకు రోత పుట్టింది.

అక్క మాత్రం నెమ్మదిగా, "గజం భూమి కూడా అక్కర్లేదండీ. మా నాన్నకి నేనున్నానని రాస్తే చాలు," అంది.

మాస్టారు లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చారు. "నేను సొంతంగా కల్పించలేదమ్మా. మీవాళ్లు పంపిందే రాశా," అంటూ ఒక కాగితం తీసి బల్లమీద పెట్టారు.

వివరాల కోసం ఇంటింటికీ ఆయన పంపిన ఫారం అది. తాతలు, తండ్రులు, పుత్రులు అని గళ్లు. ఆడవాళ్లకు గడి లేదు. పెదనాన్న పేరుకెదురుగా పుత్రుల గడిలో "లేరు" అని ఉంది. ఆ దస్తూరీ నాది.

మూడేళ్ల కిందట ఆ ఫారం మా ఇంటికి వచ్చింది. మగవాణ్ని కాబట్టి నాకే వచ్చింది. కూతురికి గడి ఎందుకు లేదని అడగలేదు. పక్కన ఖాళీ ఉన్నా ఒక మాట చేర్చలేదు. నింపి పంపేసి మరిచేపోయాను. ఆ వారంలోనే స్త్రీల సమానత్వం మీద ఎక్కడో గంటసేపు మాట్లాడి ఉంటాను. అంతసేపూ మాస్టారి మీద కలిగిన రోత మొత్తం నామీదికే తిరిగింది.

అక్క సంచిలోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, పెన్ను నా చేతికిచ్చింది. "నువ్వే రాశావుగా. నువ్వే దిద్దు."

నిస్సంతు అన్నదాన్ని కొట్టేశాను. కింద, "వీరికి ఒక కుమార్తె కలదు" అని రాసి పుస్తకం ఆమె ముందుకు జరిపాను.

అక్క చదివింది. మళ్లీ చదివింది.

"ఆ కూతురికి పేరు లేదంట్రా?" అంది.