ఖాళీ లేని పట్టిక

ఆసుపత్రులు పంపే రోగుల వివరాలను, పరిశోధకులందరూ వాడుకునే డేటాబేస్‌లోకి ఎక్కించడం ఆయన పని. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కీబోర్డు మీది దుమ్ము ఉఫ్‌మని ఊదితే గానీ పని మొదలుపెట్టడు. తన పట్టికలో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండదని గొప్పగా చెప్పుకుంటాడు. వయసు రాయని కాగితం వస్తే, ఆ గడి నింపందే కంప్యూటరు ముందుకు కదలదు. అప్పుడు తన ఇంటి నంబరు, నలభై ఆరు, చటుక్కున కొట్టేస్తాడు.

నిన్న ఒక పరిశోధకురాలు చాక్లెట్ల పెట్టెతో వచ్చింది. "మీ పుణ్యమా అని కనిపెట్టాం సార్! ఈ జబ్బు నలభై ఆరో ఏటే ఎక్కువగా వస్తోంది. ఎందుకో తేల్చడానికి మూడేళ్ల పని మొదలుపెట్టేశాం." ఆయన, "అది కాదమ్మా..." అన్నాడు. "మీకు మరీ మొహమాటం సార్!" అని నవ్వుతూ వెళ్లిపోయింది. సాయంత్రం ఆయన గేటు మీది నలభై ఆరుకు మొహం చూపించలేక, తల దించుకుని ఇంట్లోకి వెళ్లాడు.