జడకోలాటంలో నా వాటా

మేం పరికిణీలు కట్టుకు తిరిగే రోజుల్లో, ఎవరికెంత వచ్చో విడివిడిగా చూసే ఓపిక మా ఊళ్లో ఎవరికీ ఉండేది కాదు. జట్టు నెగ్గితే అందరికీ వచ్చినట్టే, ఓడితే ఎవరికీ రానట్టే. నేను బడి ఎరగను. అక్షరాలూ అష్టోత్తరాలూ అమ్మమ్మ దగ్గరే. అలాంటిదాన్ని గడప దాటానంటే జడకోలాటం చలవే. పైన చక్రానికి ఎనిమిది తాళ్లు కడతారు. తలో కొసా పట్టుకుని, ఒకరిని లోపలి నుంచీ ఇంకొకరిని బయటి నుంచీ దాటుతూ ఆడితే తాళ్లు జడగా అల్లుకుంటాయి. వెనక్కి ఆడితే విడిపోవాలి. పోటీలో నెగ్గిన జట్టు శ్రీకూర్మంలో స్వామి ముందు ఆడుతుంది.

మొదటి ఏడు నాకు అడుగొక్కటీ రాదు. ముందున్న మావయ్య కూతురు, మా బొంగరం అక్క, "లోపలికే... ఇప్పుడు బయటికే..." అని గొణుగుతుంటే దూడలా వెంట నడిచానంతే. నెగ్గేశాం! శ్రీకూర్మంలోనూ ఆడాం. (స్వామిని చూసిందెక్కడ, ఆడినంతసేపూ అక్క మడమలే చూశాను.) "ఒలమ్మ, ఆ గుంట అడుగు సూసేరేటి? నేలమీద ఆన్నేదు!" అంది ఊరు నన్ను చూపించి. కోలాటం నేర్పే మేష్టారైతే "వచ్చే ఏడు నువ్వే ముందు నిలబడాల" అని తేల్చేశారు. సిగ్గుపడుతూనే ఒప్పేసుకున్నాను.

ఒప్పుకున్నాక భయం పట్టుకుంది. ఏడాదంతా దూలానికి తువ్వాళ్లు కట్టి, బిందెల్నీ రోకలినీ చీపురునీ జట్టుగా నిలబెట్టి సాధన చేశాను. (చీపురు మాత్రం ప్రతిసారీ పడిపోయేది.) నిజంగానే వచ్చేసింది. ఈసారి తలెత్తి స్వామిని చూస్తూ ఆడాలి, అంతే నా కోరిక.

పోటీ రోజున నా వెనకున్న బొంగరం అక్క, ఎవరో ఫోటో తీస్తున్నారని నవ్వుతూ, లోపలికి రావలసింది బయటికి పోయింది. విడదీసే కొద్దీ ముడి బిగిసింది. ఎనిమిది మందిమీ తోటకూర కట్టలా ఒక్కచోట చిక్కుకుంటే మేష్టారు బల్లెక్కి విప్పారు. "ముందున్న గుంటకి అడుగే రాదు" అంది అదే ఊరు. "నిరుడేదో కలిసొచ్చింది" అన్నారు అదే మేష్టారు. పాపం, అంత బాగా ఆడే అక్కకీ ఏమీ రాదని తేలిపోయింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. "తప్పు నాది కాదు అమ్మమ్మా!"

"నిరుడు పొగిడినప్పుడు గొప్ప నాది కాదని సెప్పేవేటే?"

పరికిణీ అంచుతో కళ్లు తుడుచుకున్నాను.

"మరింకేటి, సరిపోయింది. లెగు."

ఆ వారమే నన్ను బస్సెక్కించి శ్రీకూర్మం తీసుకెళ్లింది. "ఆడు" అంది. జట్టు లేదు, తాడు లేదు. గుడి తాబేళ్లు తప్ప చూసేవాళ్లూ లేరు, వాటికి గెలుపోటముల పట్టింపు లేదు. కాళ్లకి దారి తెలుసు గనక తలెత్తి స్వామినే చూస్తూ ఆడాను. ఆ భాగ్యానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఈ వయసులో విజయనగరంలో గుడి ప్రసాదాలు చేసే ఆడవాళ్ల జట్టులో ఉన్నాను. నా పని కరివేపాకు దూయడం. "మీ చెయ్యి పడితే పులిహోర రుచే వేరమ్మా" అంటారు. కాదని చెబుదామనుకుంటూనే "అంతా స్వామి దయ" అనేస్తాను. మొన్న ఉప్పెక్కువైతే అందరితోపాటు నాకూ అక్షింతలు పడ్డాయి. మూతి ముడుచుకోబోయాను గానీ, నా లోపల్నుంచి అమ్మమ్మ "సరిపోయింది, లెగు" అంది. నవ్వుకుని లేచి, మరో కరివేపాకు కట్ట విప్పాను.