అక్క పాస్‌వర్డ్‌కు నేను చెప్పిన సాక్ష్యం

మా అక్కకు రాబోయే నర్సు ఉద్యోగాన్ని నా అత్యుత్సాహం దాదాపు సముద్రంలో కలిపేసిన సంగతి చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను టెక్కలిలో కంప్యూటర్ కోర్సు చేసేవాణ్ణి. రెండు నెలలు చదివేసరికి వైరస్‌కూ సాతానుకూ నాకు తేడా కనబడలేదు. రెండూ ముస్తాబై వస్తాయి, తలుపు తీస్తే ఇల్లు గుల్ల చేస్తాయి. ఇంకేం, కాశీబుగ్గలో మా ఇంటి కంప్యూటర్లోంచి పాత బ్రౌజర్ బొమ్మ పీకేసి, భద్రమైన కొత్తది ఎక్కించాను.

"ఒరే, నా నీలం బొమ్మ ఏదిరా?" అంది అక్క.

"దాన్నిండా కన్నాలే అక్కా. ఇకమీద ఇదే."

"ఇన్నాళ్ళూ బాగానే పన్జేసింది గదా, నీకేటి నొప్పి?"

"పాపం కూడా బాగానే పన్జేత్తాది, పట్టుబడే వరకూ!"

వంటింట్లోంచి అమ్మ "ఆమెన్" అంది. దాంతో నాకు ఊపొచ్చింది. అక్క మెయిల్‌కు పాస్‌వర్డ్ కూడా మార్పించాను. కొత్తది ఏమిటంటే, ఆవిడ ప్రతి ఆదివారం మా చర్చి సంఘంలో కంఠతా చెప్పే బైబిలు కీర్తన, దాని అంకె. విశాఖ ఆసుపత్రి నుంచి ఇంటర్వ్యూ కబురు ఆ మెయిల్‌కే రావాలి.

"ఇక ప్రసాదన్న నెట్ సెంటర్లో మెయిల్ తెరవకు" అన్నాను.

"అన్న మన సంఘంలోనోడే కదరా! నా అప్లికేషన్ పంపింది ఆయనే."

"మనిషి మంచోడే. మిషనే మంచిది కాదు."

ఆ ఆదివారం, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పే సాక్ష్యాల సమయంలో లేచి మైకు అందుకున్నాను. దేవుడు మా కుటుంబాన్ని వైరస్‌ల నుంచి నా చేత ఎలా విడిపించాడో పావుగంట చెప్పాను. పాస్టరుగారు రెండుసార్లు గడియారం చూశారు. నేను ఆగలేదు. "మా అక్క పాస్‌వర్డ్ ఏదో తెలుసా? తన కీర్తన, దాని అంకె! దాన్ని తాకే ధైర్యం ఎవడికుంది?"

సంఘమంతా "హల్లెలూయ" అంది. అక్క ముఖం కొంగులో దాచుకుంది.

ఇంటికెళ్ళి వెంటనే పాస్‌వర్డ్ మార్చేద్దామంటే, గాలివానకు మా ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫోను లైను పోయింది.

"ప్రసాదన్న దగ్గరికెళ్ళి మార్సుకుంటాను, వదల్రా!"

"వద్దంటే వద్దు. లైను రానీ."

లైను రాలేదు. బుధవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. ప్రసాదన్న మోకరించి మొదలుపెట్టాడు. "ప్రభువా, శుక్రవారం పదిగంటలకి ఇశాపట్నం ఇంటర్వ్యూకి ఎల్తన్న మా సెల్లిని దీవించు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మర్సిపోకుండా గుర్తుసెయ్యి..."

అక్క కళ్ళు తెరిచింది. "ఏ ఇంటర్వ్యూ అన్నా?"

ప్రసాదన్న కూడా తెరిచాడు. "అదేటమ్మా, నీకు తెల్దా? సోమవారమే వచ్చింది కదా! తమ్ముడు అంత గట్టిగా సెప్పినాడు, నిజిమేనా అని నీ మెయిల్లో ఆ కీర్తన నొక్కి సూసినాను. తెరుసుకుండిపోనాది. నువ్వు వస్తావని జవాబు కూడా పెట్టీసినాను."

వెనక నుంచి ఒక పెద్దమ్మ, "మాకు మంగళారమే తెలుసు. నీకోసం ఉపవాసం కూడా ఉన్నాం" అంది.

సంఘం మొత్తంలో ఆ ఉత్తరం సంగతి తెలియనిది అక్క ఒక్కతే. నా భద్రత అంత పకడ్బందీగా ఉంది.

శుక్రవారం అక్క వెళ్ళింది, ఉద్యోగంతో తిరిగొచ్చింది. ఒట్టు పెట్టుకోకూడదని బైబిల్లో నేర్చుకున్నవాణ్ణి కనుక, మోకాళ్ళ మీద ఒక తీర్మానం మాత్రం చేసుకున్నాను. ఇకమీదట సాక్ష్యమంటూ చెబితే దేవుడి గొప్పలే చెబుతాను. పాస్‌వర్డ్ ఆయనకు ఎలాగూ తెలుసు, మైకులో చెప్పక్కర్లేదు.