మేస్త్రీ చేతి నిమ్మకాయ

బొగ్గు పొగకు మనిషి పడిపోతే నిమ్మకాయ తిప్పినవాణ్ని మీరు క్షమిస్తారా? నేను క్షమించను.

పనికి పోయిన పరాయి దేశంలో, జబల్ అఖ్దర్ కొండ మీది సైట్‌లో మేం చిన్న ట్రైలర్‌లో పడుకునేవాళ్లం. ఉన్న హీటర్ చలికి చాలక ఇంకొకటి అడిగితే మా జగిత్యాల మేస్త్రీ నవ్వాడు.

"ఇంకో హీటరా? దొరలయిన్రురా! కుంపటి పెట్టుకోండ్రి."

గాలి వచ్చే సందులన్నింటికీ తనే గుడ్డలు కుక్కాడు. తెల్లవారేసరికి నా పక్క మంచం మీది మిత్రుడు లేవలేదు. పరుగున వచ్చిన మేస్త్రీ లోపలికొచ్చి తలుపు మూశాడు.

"తియ్యకురా, దయ్యం మీ మీద పడ్తది!"

ఎవరికి జబ్బు చేసినా తీసినట్టే జేబులోంచి నిమ్మకాయ తీసి అతని తల చుట్టూ తిప్పసాగాడు. నేనతన్ని నెట్టి తలుపు తెరిచేసరికి మిత్రుడి ఊపిరి ఆగింది.

ఆ మేస్త్రీ ఇప్పుడు అక్కడే అల్ అమెరాత్ ఊళ్లో నిమ్మకాయ తిప్పుతున్నాడట. మీ రూమ్‌కొస్తే ముందు కుంపటిని బయట పడేయండి. ఆ వెనకే గల్లా పట్టి అతన్ని గెంటండి.